జరగనిదానికి రసీదు

ఆ గడియారాల కంపెనీలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆమె రసీదక్క. ఎవరు ఖర్చుల కాగితం తెచ్చినా, చివరికి ఎండీ గారు తెచ్చినా, "రసీదు ఏదండీ?" అన్నదే ఆమె పలకరింపు. వానకు టాక్సీ రసీదు తడిసి ముద్దయిందని సేల్స్ మేనేజరు ఒకసారి మొరపెట్టుకుంటే, ఆ ముద్దనే తెమ్మని, దాన్ని కిటికీ అద్దానికి అతికించి, ఆరాక ఫైల్లో పెట్టిన మనిషి.

అకౌంట్స్ సెక్షన్ కింది అంతస్తులో ఉండేది. లారీలు సరుకు ఎక్కించుకునే ఆవరణ వైపు కిటికీలున్న పొడవాటి గది. చదువు పూర్తవగానే అందులో చేరి, నలభై దాటేదాకా ఆమె అక్కడే ఉంది. పని నేర్పింది చీఫ్ అకౌంటెంటు. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. నెలాఖరుకి రెండు వైపులా మొత్తాలు సరిపోతే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు. ఆ గదిలో అంతకు మించిన మెప్పు లేదు. రసీదక్కకు ఆ పనంటే ఇష్టమే. విసుగు పుట్టి వదిలేసిందని ఎవరైనా అంటే ఇప్పటికీ ఒప్పుకోదు.

సంగతి అలారం గడియారాల దగ్గర మొదలైంది. ఫోనే నిద్ర లేపుతుంటే బల్ల మీద అలారం గడియారం ఎవరు పెట్టుకుంటారు? పాత సరుకు గోడౌన్ పైకప్పును తాకుతోంది. అయినా ఆ ఏడు మళ్ళీ గంటలకూ స్ప్రింగులకూ ఆర్డరు వెళ్ళింది. ఆ బిల్లు రసీదక్క బల్ల మీదికే వచ్చింది. సంతకాలున్నాయి, రసీదుంది. తప్పు పట్టడానికి ఏమీ లేదు.

మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు పెద్దాయనతో అంది. "ఇది అమ్ముడుపోయే సరుకు కాదని మనకి తెలుస్తూనే ఉంది కద సార్. పైవాళ్ళకి ఒక మాట చెప్తే బాగుండదూ?"

"మన పని రాయడమమ్మా, చెప్పడం కాదు," అన్నారాయన టిఫిను డబ్బా మూత బిగిస్తూ. "డాక్టరు వేరు, పోస్టుమార్టం చేసేవాడు వేరు."

ఆమె నవ్వింది. కానీ ఇంటికి పోయే బస్సులో ఆ మాట చెవిలో జోరీగలా తిరిగింది. ఇన్నేళ్ళుగా కంపెనీలో జరిగిన ప్రతిదీ అందరికంటే వివరంగా తెలిసింది తనకే. కానీ తెలిసిందల్లా జరిగిపోయాకే.

అలాంటి రోజుల్లో నోటీసు బోర్డు మీద ఒక కాగితం వెలిసింది. కంపెనీ ఇకముందు ఏం చెయ్యాలో, ఏం మానాలో ఆలోచించడానికి స్ట్రాటజీ విభాగం పెడుతున్నారట. లోపలి ఉద్యోగులు కూడా దరఖాస్తు చేసుకోవచ్చట. రసీదక్క ఆ కాగితాన్ని వెళ్ళేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి చదివింది.

ఇంట్లో ఈ మాట చెప్పడానికి బల్ల మీద కాస్త చోటు చేసుకోవలసి వచ్చింది. ఆమె భర్త పళ్ళ డాక్టర్లకు కట్టుడు పళ్ళు తయారుచేసి ఇస్తాడు. ముందు గదే అతని పనిగది. అక్కడ చాలక ఒకటో రెండో పలువరసలు ఎప్పుడూ భోజనాల బల్ల మీదికి వచ్చి నవ్వుతూ ఉంటాయి. వాటిని పక్కకు జరిపి సంగతి చెప్పింది.

"స్ట్రాటజీ అంటే ఏంటమ్మాయ్?" అడిగింది అత్తగారు. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసి రిటైరయింది. గొంతు వింటే చాలు, మనిషి జాతకం చెప్పేస్తానంటుంది.

"వ్యూహం అత్తయ్యా."

"వ్యూహమా? లోపలికి వెళ్ళడం సరే, బయటికి రావడం కూడా కనుక్కున్నావా?"

"ముందు లోపలికి రానివ్వాలి కదమ్మా," అన్నాడు భర్త, చేతికంటిన పళ్ళ అచ్చుల సున్నప్పిండి దులుపుకుంటూ. తర్వాత భార్య వైపు తిరిగాడు. "పెట్టి చూడు. ఇవ్వకపోతే ఉన్న ఉద్యోగం ఎటూ ఉంది. ఇస్తే మాత్రం నువ్వు అలారం గడియారాల గొడవ నాకు చెప్పడం మానేసి, వాళ్ళకి చెప్తావు. నాకదే లాభం."

ఇంటర్వ్యూ చేసింది కొత్త విభాగానికి అధిపతిగా వచ్చినావిడ. రసీదక్క కంటే వయసులో చాలా చిన్నది. వచ్చిన వారంలోనే ఆవిడకు 'అయితే మేడమ్' అని పేరు పడింది. ఎవరేం చెప్పినా "అయితే?" అనడం ఆవిడ అలవాటు. వెక్కిరింపుగా కాదు, తర్వాతి మాట కోసం నిజంగానే ఎదురుచూస్తున్నట్టు అంటుంది. అందుకే ఎదుటివాళ్ళకు మరీ ఇబ్బంది.

"మన కంపెనీ గురించి మీకు తెలిసింది చెప్పండి," అందావిడ.

రసీదక్కకు తెలియనిదేముంది? ఏ గడియారం ఏ నెలలో ఎంత పోతుందో, ఏ ఊరి దుకాణదారు ఎప్పుడు సరుకు తిప్పి పంపుతాడో గడగడా చెప్పింది.

"అయితే?"

"అందువల్ల లాభం తగ్గిందండి."

"అయితే?"

"నిరుటి కంటే ఈ ఏడు ఇంకా తగ్గుతుంది."

"అయితే?"

రసీదక్కకు ఒళ్ళు మండింది. "అయితే ఏముందండీ, అలారం గడియారాలు ఆపెయ్యాలి," అంది. అన్నాక తన నోటి నుంచి వచ్చిన మాట తనదేనా అని చూసుకుంది.

"అది ఏ రిపోర్టులో ఉంది?" మేడమ్ నవ్వు ఆపుకుంటూ అడిగింది.

"ఎందులోనూ లేదండి. నేనంటున్నాను."

"సోమవారం నుంచి పైకి వచ్చెయ్యండి."

పెద్దాయనకు ఈ సంగతి చెప్పడం ఇంటర్వ్యూ కంటే కష్టమైంది. ఆయన కళ్ళజోడు తియ్యలేదు. చేతిలోని పెన్ను మూత మూడుసార్లు పెట్టి తీశారు. "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. పై అంతస్తులో జరిగేది అదే. వెళ్ళమ్మా, వెళ్ళి గాలికి బ్యాలెన్సు షీటు వేసుకో," అన్నారు. ఆ రోజు నుంచి ఆయన మధ్యాహ్నం అన్నం తన సీటులోనే తిన్నారు.

పై అంతస్తు గదికి గోడలు అద్దాలవి. వాటి మీద రంగు పెన్నులతో రాసుకోవచ్చు. బల్లలకు సొరుగులు లేవు. రసీదక్కకు అన్నిటికంటే బాధ కలిగించింది అదే. పిన్నులు, రబ్బరు బ్యాండ్లు, లవంగాల డబ్బీ ఎక్కడ పెట్టుకోవాలి? చివరికి ఇంటి నుంచి ఒక చెప్పుల అట్టపెట్టె తెచ్చి, బల్ల కింద పెట్టుకుని, దాన్నే సొరుగు అనుకుంది. అక్కడ ఇద్దరు కుర్రాళ్ళు పనిచేసేవారు. ఒకతనికి గడ్డం, ఇంకొకతను నడుము నొప్పి వల్ల ఎప్పుడూ నిలబడే పనిచేస్తాడు. ఇద్దరూ మంచివాళ్ళు. ఆమెకు గోడ మీద బాణాలు గీయడం నేర్పారు. ఆమె వాళ్ళకు కూడికలు రెండోసారి చూసుకోవడం నేర్పింది.

అయినా పని సాగలేదు. ఆమె ఏది రాసినా దశాంశాలతో సహా సరిగ్గా ఉండేది, చివర ఏం చెయ్యాలో మాత్రం ఉండేది కాదు. "ఒక్క పేజీ చాలు. మీరేమనుకుంటున్నారో రాయండి," అంది అయితే మేడమ్. రసీదక్క 'దాదాపు' అని రాసి కొట్టేసింది. 'బహుశా' అని రాసి కొట్టేసింది. ఆ మాటలు రాస్తుంటే చీర కుచ్చిళ్ళు వీధిలో ఊడిపోయినట్టు అనిపించేది.

ఒక సాయంత్రం బాల్కనీలో కూర్చుని అత్తగారితో ఈ బాధ చెప్పుకుంది. ఎదురుగా బస్టాపు. అత్తగారు కాసేపు విని, "ఇదిగో, ఆ ఎర్ర సంచీ ఆయన్ని చూడు. వచ్చే బస్సు ఎక్కుతాడా, ఎక్కడా?" అంది.

"నాకెలా తెలుస్తుంది అత్తయ్యా?"

"తెలియకే కదా అడుగుతున్నా. ఎక్కడు. ఎవరి కోసమో చూస్తున్నాడు."

బస్సు వచ్చింది. ఆయన ఎక్కి వెళ్ళిపోయాడు. అత్తగారు ఏమాత్రం చిన్నబుచ్చుకోలేదు. "సరే, ఇంటికి తొందరగా వెళ్ళాలేమో. ఇప్పుడు ఆ కళ్ళజోడు పిల్ల సంగతి చెప్పు."

"మీరు చెప్పింది తప్పయింది కదా."

"అయితే ఏమయిందే? ఆయన బస్సు దిగొచ్చి నన్ను కొడతాడా? ఎక్స్ఛేంజీలో రోజుకి ఎన్ని గొంతులు పోల్చుకునేదాన్నో. సగం తప్పే. తప్పయితే సారీ చెప్పి ఇంకో ప్లగ్గు పెట్టేదాన్ని. నువ్వు పోల్చుకోవడమే మానేస్తే ఫోన్లెవరు కలుపుతారు?"

చీకటి పడేదాకా ఇద్దరూ బస్టాపులో ఉన్నవాళ్ళందరి భవిష్యత్తూ చెప్పారు. కోడలు మొదట్లో గొణిగింది, తర్వాత గొంతు పెంచింది. ఒక ముసలాయన కోడలు చెప్పినట్టే గొడుగు మరిచిపోయి బస్సెక్కడంతో ఆమె కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టింది. అత్తగారు బస్సు డ్రైవరుకు వినబడేలా కేకేసింది. గొడుగు ఆయనకు దక్కింది.

ఆ నెలలోనే అయితే మేడమ్ ఆమెకు పెద్ద పని అప్పగించింది. అలారం గడియారాలు ఆపేస్తే ఆ మనుషులతో, ఆ యంత్రాలతో కంపెనీ ఏం చెయ్యాలి? ఎక్కడికైనా వెళ్ళి చూడొచ్చు, ఎవరినైనా అడగొచ్చు. రసీదక్క దుకాణాలు తిరిగింది. అక్కడ కొత్తగా తెలిసిందేమీ లేదు.

ఒక శనివారం కట్టుడు పళ్ళ పెట్టె ఇవ్వడానికి వెళుతున్న భర్తకు తోడుగా ఒక డాక్టరు దగ్గరికి వెళ్ళింది. వెయిటింగ్ రూములో గోడ గడియారం ఉంది. తమ కంపెనీదే. ఆగిపోయి ఉంది. నొప్పి బుగ్గను చేత్తో పట్టుకున్న ఒకావిడ కౌంటరు దగ్గరికి వెళ్ళి టైమెంతని అడిగింది. కాసేపటికి ఒక తాతగారు వెళ్ళి అదే అడిగాడు.

"గడియారం ఆగిందేంటమ్మా?" అని రసీదక్క కౌంటరు దగ్గరి అమ్మాయిని అడిగింది.

"బ్యాటరీ అయిపోయిందండి. ఎప్పుడో."

"మార్చొచ్చు కదా?"

"ఎవరు మార్చాలి? నిచ్చెన తోటమాలి దగ్గరుంటుంది, బ్యాటరీలు మేనేజరు తెప్పించాలి. నేనేమో ఈ కుర్చీ వదలకూడదు." ఆ అమ్మాయి విసుక్కోలేదు. ఉన్న మాట చెప్పింది, అంతే.

ఆ తర్వాత రసీదక్క కళ్ళు ఎక్కడికి వెళ్ళినా గోడ మీదికే పోయాయి. బ్యాంకులో ఆగిన గడియారం, లైబ్రరీలో ఆగిన గడియారం. పోస్టాఫీసులో నడుస్తోంది కానీ, అది చెప్పేది ఏ దేశపు టైమో తెలియదు. కొన్నవాళ్ళున్నారు, వేలాడదీసినవాళ్ళున్నారు. చూసుకునే నాథుడు లేడు.

ఆమె ఒక్క పేజీ రాసింది. గడియారాలు అమ్మి చేతులు దులుపుకోవడం కాదు, టైము అమ్ముదాం. నలుగురూ వచ్చిపోయే చోట్ల మనమే గడియారం పెడదాం, బ్యాటరీ మారుద్దాం, ముల్లు సరిచేద్దాం, ఏడాదికింతని తీసుకుందాం. అలారం గడియారాలు బిగించే చేతులకు ఈ పని కొత్త కాదు. మొదట బడులు ఒప్పుకుంటాయి, తర్వాత ఆసుపత్రులు. పేజీలో 'బహుశా' రెండుసార్లు వచ్చింది. రెంటినీ ఉండనిచ్చింది.

అయితే మేడమ్ చదివి "అయితే?" అనలేదు. "గురువారం ఎండీ గారి ముందు మీరే చెప్పండి," అంది.

గురువారం మీటింగులో ఎండీ గారి పక్కన పెద్దాయన కూర్చుని ఉన్నారు. ఖర్చున్న ఏ ప్రతిపాదనకైనా ఆయన సంతకం కావాలి. రసీదక్క చెప్పింది. గడ్డం కుర్రాడు తాను తీసిన ఆగిన గడియారాల ఫోటోలు చూపించాడు. పోస్టాఫీసు గడియారం దగ్గర ఎండీ గారు నవ్వారు. పెద్దాయన నవ్వలేదు.

"బడులు ఒప్పుకుంటాయని రాశావు. ఆధారం ఏదమ్మా?"

ఇన్నేళ్ళూ బల్లకు ఇవతలి నుంచి తాను అడిగిన ప్రశ్న అది. అటువైపు కూర్చున్నవాళ్ళకు అది ఎలా వినబడేదో ఆమెకు ఇప్పుడు తెలిసింది. మంచినీళ్ళు తాగి చెప్పింది.

"ఆధారం లేదండి. నా అంచనా. ఇంకా జరగనిదానికి రసీదు ఉండదు కదండీ."

పెద్దాయన పెన్ను మూత తీశారు, పెట్టారు.

"మరి నన్ను దేన్ని చూసి ఒప్పుకోమంటావు?"

"మొత్తానికి ఒప్పుకోవద్దండి. ఒక పేటలో, ఒక్క సీజను చూద్దాం. అంతకు మించి ఖర్చు వద్దు. నేననుకున్న వాటిలో సగం చోట్లయినా ఒప్పుకోకపోతే, మీరు అడగక్కర్లేదు, నేనే కిందికొచ్చి ఆపెయ్యమని చెప్తాను."

ఆయన కాగితాన్ని పైనుంచి కింది దాకా మళ్ళీ చదివారు. "ఎంతవరకు పోతే పోవచ్చో గీత గీసింది," అని ఎండీ గారితో అన్నారు. "నాకదే కావాలి. మిగతాది నేను నమ్మడం లేదు. సంతకం మాత్రం పెడతాను."

అలా మొదలైంది. మొదటి వారంలోనే రసీదక్క అంచనా బోర్లా పడింది. ఒక్క బడి కూడా ఒప్పుకోలేదు. ఒక హెడ్ మిస్ట్రెస్ టీ ఇచ్చి మరీ వివరించింది. "గడియారం సరిగ్గా నడిస్తే మా పిల్లలు పాఠం వినరండి, ముల్లు చూస్తారు. మా గోడ మీదది ఆగినప్పటి నుంచే క్లాసులు బాగా జరుగుతున్నాయి. దయచేసి దాన్ని ముట్టుకోకండి."

ఆసుపత్రులు కొన్ని ఒప్పుకున్నాయి, కొన్ని చూద్దామన్నాయి. రసీదక్కకు అన్నం సహించలేదు. అకౌంట్స్‌లో తప్పంటే తప్పే. దొరికేదాకా వెతకాలి, దొరికాక దిద్దాలి. ఇక్కడ వెతకడానికేముంది? లెక్క తప్పలేదు, లోకం తప్పింది. తన తప్పులన్నీ ఒక కాగితం మీద రాసి మేడమ్ ముందు పెట్టింది. రాజీనామా ఇస్తున్నట్టే ఉంది ఆమె ముఖం.

మేడమ్ కాగితం పక్కన పెట్టి, "మనం అడక్కుండా ఎవరైనా వచ్చారా?" అంది.

రసీదక్క ఆలోచించింది. వచ్చారు. ఒక పెద్ద హోటలు వంటశాల నుంచి ఫోను వచ్చింది. ఒక బ్యూటీ పార్లరు ఆవిడ ఎవరో చెప్పగా విని వచ్చింది. ఒక రంగుల ఫ్యాక్టరీ వాళ్ళు రెండుసార్లు అడిగారు. వాళ్ళెవరూ తన పేజీలో లేరు కనుక ఆమె వాళ్ళను లెక్కలోకే తీసుకోలేదు.

"వాళ్ళకి ఫోన్లుంటాయి కదండీ. గడియారమెందుకో?" అంది తనలో తాను. అంటూనే ఇంటి ముందు గది కళ్ళకు కట్టింది. మోచేతుల దాకా సున్నప్పిండితో భర్త, వంటింట్లో ఉన్న తనను టైమెంతయిందని రోజూ కేకేసి అడగడం. "చేతులు," అంది. "వాళ్ళ చేతులు ఖాళీగా ఉండవు. తడో, పిండో, రంగో. ఫోను తియ్యలేరు."

"అయితే?" అంది మేడమ్, ముందుకు వంగి.

ఈసారి రసీదక్క దగ్గర జవాబు చాలానే ఉంది. కుర్రాళ్ళిద్దరినీ పిలిచి, నలుగురూ అద్దం గోడ మీద చేతులు ఖాళీలేని మనుషుల జాబితా రాస్తూ పోయారు. బేకరీలు, లాండ్రీలు, గ్యారేజీలు, ఆపరేషను గదులు. చోటు చాలక నిలబడే కుర్రాడు కిటికీ మీద కూడా రాశాడు. సీజను ముగిసేసరికి ఒప్పుకున్న చోట్ల లెక్క ఆమె చెప్పిన సగాన్ని దాటింది. అందులో బడి ఒక్కటీ లేదు.

ఒక మధ్యాహ్నం పెద్దాయన మెట్లెక్కి పై అంతస్తుకు వచ్చారు. ఆయన అక్కడ అడుగుపెట్టడం అదే మొదటిసారి. అద్దం గోడలను అనుమానంగా చూస్తూ, చేతిలో టిఫిను డబ్బాతో నిలబడ్డారు.

"నీ కాంట్రాక్టుల వల్ల నాకు నిద్ర లేదమ్మా," అన్నారు. "వాళ్ళు ఏడాది సొమ్ము ముందే కట్టేస్తున్నారు. మనం పని ఏడాది పొడుగునా చెయ్యాలి. వచ్చిందంతా ఇవాళే ఆదాయమని రాస్తే అబద్ధం. నెలనెలా కాస్త కాస్త తీసి రాయాలి. జరగబోయే పనికి ఇవాళే ఖాతా తెరవాల్సి వస్తోంది."

"అంటే సోమలింగానికి మీరూ పేరు పెట్టారన్నమాట," అంది రసీదక్క.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత కుర్చీ లాక్కుని, డబ్బా మూత తీసి, "ఇలాంటి చిక్కు నాకు ఉద్యోగంలో పడి ఇంతవరకు రాలేదు. చూడు, ఎంత బాగుందో," అంటూ కాగితం మీద గీయడం మొదలుపెట్టారు. అన్నం చల్లారిపోయింది. ఇద్దరూ పట్టించుకోలేదు.

అలారం గడియారాల విభాగం మరుసటేడు మూతపడింది. అందులో పనిచేసినవాళ్ళలో చాలామంది భుజాన సంచీతో, చేతిలో మడత నిచ్చెనతో పేటలు తిరిగే పనికి మారారు. ఇద్దరు ముగ్గురు అది నచ్చక వేరే చోటికి వెళ్ళారు. మిగతావాళ్ళు మొదట్లో రసీదక్కను తిట్టుకున్నారు, తర్వాత ఊరు చూస్తున్నామని సంబరపడ్డారు. అప్పుడప్పుడు ఆమె కూడా వాళ్ళతో వెళుతుంది. ఆఫీసులో కూర్చుంటే అంచనాలు పాచిపోతాయంటుంది.

అలా ఒకసారి, ఇరవై ఏళ్ళు అలారం గంటలు బిగించిన ఒకావిడతో కలిసి ఈతకొలనుకు వెళ్ళింది. కొలను గోడ మీది గడియారానికి బ్యాటరీ మార్చి, నిచ్చెన మీదున్నావిడ సెకను ముల్లును పన్నెండు దగ్గర ఆపి పట్టుకుంది. కింద నీళ్ళలో ఈతగాళ్ళు వరసగా గట్టు పట్టుకుని, తలలెత్తి ఆ ముల్లునే చూస్తున్నారు. కోచ్ నోట్లో ఈల ఉంది.

"వదలనా అక్కా?" అని పైనుంచి ఆవిడ అడిగింది.

"వదులు," అంది రసీదక్క.

ముల్లు కదిలింది. అందరూ ఒక్కసారిగా గట్టును తన్ని నీళ్ళలో దూసుకుపోయారు. ఎగిరిపడిన నీళ్ళకు ఆమె చీర మోకాళ్ళ దాకా తడిసిపోయింది. ఆమె అక్కడే నిలబడి, ఎవరు ముందు వస్తారో నిచ్చెన మీది ఆవిడతో పందెం కట్టింది.